బూడిదపేటలో మొదటి గ్లాసు

రోజు 6,931
శుద్ధి అయిన నీళ్ళు: 1,912 లీటర్లు. రుచి: రేకు డబ్బా, చివర్న కాస్త సబ్బు.

ఇది బూడిదపేట నీళ్ళగది పుస్తకం. ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చూడొచ్చని పైన బోర్డు కూడా ఉంది. పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి తప్ప ఎవరూ తెరవలేదు. తప్పు నాదే. మొదటి ఏడాది ఫిల్టరు మార్చిన సంగతి రాయబోయి మా మేనత్త పెట్టిన చింతకాయ పచ్చడి దాకా వెళ్ళిపోయాను. అప్పటి సూపర్‌వైజరు రెండు పేజీలు ఓపిక పట్టి, "ఇంతకీ ఫిల్టరు మార్చావా లేదా?" అని అడిగి, పుస్తకం మూసేశాడు. ఆ రోజు నుంచి ఇంత భద్రమైన చోటు ఈ చందమామ మీద ఇంకోటి లేదు. అందుకే నాకు భయమేసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

సొరంగంలో మేం ఎనభై నలుగురం. మా ఒంట్లోంచి పోయిన ప్రతి చుక్కా, చెమటా, ఊపిరి తడీ, రాయకూడనివీ కూడా, నా గదికే వస్తుంది. కాగుతుంది, ఆవిరవుతుంది, పురుగుల్ని చంపే నీలిదీపాల కింద నడుస్తుంది, మళ్ళీ గ్లాసులోకి వస్తుంది. అందుకని ఇక్కడ ఒకరి జబ్బు అందరి సంగతి. ఎవరికి కామెర్లు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా, భోజనాల హాల్లో నీళ్ళపలక మీద వాళ్ళ పేరు పడుతుంది. పేరు పడ్డవాళ్ళు పక్కగదిలో ఉంటారు. ఆ గదికి మా నుంచి ఒకటే పైపు, దాని వాల్వుకి ఎప్పుడూ తాళమే. లోపలివాళ్ళు ఓడ తెచ్చిన విడి డ్రమ్ము నీళ్ళే తాగాలని రూలు. తగ్గాక బయటికొస్తారు. ఈ ఆచారం పెట్టించింది నేనే. తర్వాత తప్పించుకోకుండా ముందే రాసిపెడుతున్నాను.

పోయిన ఓడలో రక్తపరీక్ష యంత్రం ఒకటి వచ్చింది. ఈరోజు పొద్దున అందరి వేళ్ళూ పొడిచింది. అందరూ అంటే ఎనభై ముగ్గురు. నేను తవ్వకం మొదలైనప్పుడు వచ్చిన వాణ్ణి, నా నంబరు కాగితాల కాలం నాటిది. యంత్రం జాబితాలో నేను లేను. నర్సు సుగుణ సిస్టరు నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, తర్వాతి వాళ్ళని పిలిచింది.

టిఫిన్ల వేళకి యంత్రం తనంతట తనే పలక మీద రాసింది. దానికెవరో మా ఆచారం నేర్పి పంపారు కాబోలు.

నీలవేణి. హెచ్ఐవి. రియాక్టివ్.

సిస్టరు చేతిలో పళ్ళెం వదిలేసి పలక వైపు పరుగెత్తింది. ఇక్కడ జారిన పళ్ళెం తీరిగ్గా కిందపడుతుంది. అది నేలకి తాకేలోపు అందరూ చదివేశారు.

రోజు 6,932
1,909 లీటర్లు. రుచి: రేకు.

నీలవేణి డ్రిల్లు నడిపే పిల్ల. ఇరవై ఆరేళ్ళు. భూమి నుంచి వచ్చి ఐదు నెలలు. వచ్చిన మొదటి రోజే నా గదికి వచ్చి, "తాతా, ఈ నీళ్ళలో నీ వాటా ఎంత?" అని అడిగింది. అప్పట్నుంచి నాకు ఇష్టం.

నిన్న సాయంత్రం ఆమెని పక్కగదిలో పెట్టారు. సూపర్‌వైజరు జగ్గారావు చెడ్డవాడు కాదు. రూలు పుస్తకం చేతిలో ఉంటేనే ఊపిరాడే మనిషి. "పలక మీద పేరు పడింది కదమ్మా" అని చెప్పి, తలుపు వేశాడు. వేసేటప్పుడు అతని మొహం చూడాలి, తన వేలే తలుపులో నలిగినట్టు ఉంది.

డ్రమ్ములో పదకొండు రోజుల నీళ్ళున్నాయి. తర్వాతి ఓడ నలభై రోజులకి. కామెర్లు వారంలో తగ్గుతాయి. ఇది అలా తగ్గేది కాదు. ఆ లెక్క ఎవరూ పైకి అనలేదు. అందరూ వేసుకున్నారు.

హాల్లో ఒకటే గోల. ఆ పిల్ల వంటింట్లో పిండి కలిపింది కదా, ఎలా? ఒకే సబ్బు వాడాం కదా, ఎలా? దోమ కుడితే అంటుకుంటుందా అని ఒకాయన నిజంగానే అడిగాడు. చందమామ మీద దోమ ఒక్కటీ లేదు. నలుగురు చేతులు గోక్కున్నారు.

సిస్టరు బల్లెక్కి అరిచింది. "రియాక్టివ్ అంటే ఉందని కాదు, మళ్ళీ చూడమని. ఇంకో రకం పరీక్ష చేస్తే గాని చెప్పకూడదు. అప్పుడు కూడా చెప్పాల్సింది ఆ అమ్మాయికి, గోడకి కాదు!"

"మిగతా ఎనభై ఇద్దరికీ లేదని తేలింది కదా సిస్టర్" అన్నాడు జగ్గారావు.

"ఈ మధ్యే సోకి ఉంటే కొన్ని వారాల దాకా పరీక్షలో కనపడదు సార్. మీకూ నాకూ కూడా అదే లెక్క."

భయపెట్టాలని చెప్పింది కాదు గాని, ఆ మాటతో హాల్లో జనం ఒకరికొకరు జానెడు దూరం జరిగారు. నేనూ జరిగాను. నేనెందుకు జరిగానో నాకే నవ్వొచ్చింది. 

రోజు 6,933
1,910 లీటర్లు. రుచి: తెలియలేదు.

ఇంక రాసేస్తాను. నాకు హెచ్ఐవి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా.

ఆరు నెలలకోసారి సుగుణ సిస్టరు తలుపు వేసి నా తుంటికి సూది వేస్తుంది. "మోకాళ్ళ నొప్పులకి" అని బయట చెప్తాను. నా మోకాళ్ళంత ఆరోగ్యమైన మోకాళ్ళు ఈ సొరంగంలో లేవు. మందు వల్ల నా రక్తంలో ఆ పురుగు వెతికినా దొరకనంత తగ్గిపోయింది. అలా దొరకనంత కాలం కాపురం చేసినా భార్యకి అంటదని డాక్టరు చెప్పాడు. నేను నమ్మలేదు. నా ఇల్లాలు నూకాలు నమ్మింది. పన్నెండేళ్ళు కాపురం చేసింది, ఏటేటా పరీక్ష చేయించుకుంది, ఏ ఏడూ రాలేదు. చివరికి గుండె ఆగి పోయింది. పోయేముందు కూడా, "నాకేం రాలేదు చూశావా" అని గెలిచినట్టు నవ్వింది.

ఎలా వచ్చింది? ఎవరైనా ముందు అడిగేది అదే. అడగని పిట్టకథలు వెయ్యి చెప్పాను గాని, ఈ ఒక్కటి అడిగినా చెప్పను. వచ్చిన దారి తెలిస్తే మందు బాగా పనిచేస్తుందని ఏ డాక్టరూ అనలేదు.

భయం ఎక్కడుందంటే, మొదటి గ్లాసులో. వచ్చిన కొత్తలో ఈ నీళ్ళు తాగడానికి జనం వాంతులు చేసుకునేవారు. అందుకని రోజూ పొద్దున అందరి ముందూ నేను మొదటి గుటక వేస్తాను. అదే గ్లాసు వరుసలో ముందున్నవాళ్ళకి ఇస్తాను, వాళ్ళు రెండో గుటక వేస్తారు. ఆ తర్వాత ఎవరి గ్లాసులు వాళ్ళవి. పొయ్యి ముట్టించాలి గనక ముందుండేది ఎప్పుడూ వంటమనిషి పైడితల్లే. పందొమ్మిదేళ్ళుగా నా ఎంగిలి గ్లాసు తాగింది ఆమె. నిన్న పక్కగది తలుపుకి రెండో గొళ్ళెం బిగించమని అరిచింది కూడా ఆమే.

మధ్యాహ్నం సిస్టరు వచ్చింది. "మీరు జాబితాలో లేరు నాయుడు గారూ. నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు."

"నాకుందిగా."

"ఉంది. చెప్పమని మాత్రం అడగను. అడిగే హక్కూ నాకు లేదు."

హక్కులు లేని మనిషి అంత సేపు నిలబడి చూడకూడదు. ఆమె వెళ్ళాక వాల్వు హ్యాండిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పక్కగదికి నీళ్ళు వదిలే వాల్వు అది. రెండు తాళాలు, ఒకటి నాది, ఒకటి జగ్గారావుది. నీళ్ళు అటు వెళ్తాయే గాని ఇటు రావు. ఆ సంగతి హాల్లో చెప్పి చూశాను. "ఒక్క బొట్టు వెనక్కొస్తే?" అన్నారు.

రోజు 6,935
1,908 లీటర్లు. రుచి: రేకు.

డ్రమ్ము కొలత చూడడానికి పక్కగది దగ్గరికెళ్ళాను. తలుపులో చిన్న అద్దముంది, పక్కన స్పీకరు.

"తాతా, నా నీళ్ళ రుచి పుస్తకంలో రాశావా?"

"నువ్వు చెప్తే కదా."

"ప్లాస్టిక్కు. దాంతో పాటు కొంచెం జగ్గారావు గారు." నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "సగం సగమే తాగుతున్నా తాతా. అలా అయితే ఇరవై రెండు రోజులొస్తాయి. మిగతా పద్దెనిమిది రోజులకి ఏం చెయ్యాలో తెలీట్లేదు."

"పూర్తిగా తాగు."

"తలుపు తీస్తావా?"

డ్రమ్ము కొలత రాసుకుని వచ్చేశాను.  

తిరిగొచ్చేసరికి పైడితల్లి నా గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. చేతుల్లో కూరగాయల కత్తి, కూరగాయలు లేవు.

"అన్నా, నిజం సెప్పు. నీళ్ళలో వొస్తాదా?"

"రాదు. అది మనిషి ఒంటి బయట బతకలేదు. పైగా ఇక్కడ కాగుతుంది. నీళ్ళలో రాదు, పళ్ళెంలో రాదు, ముట్టుకుంటే రాదు."

"మరి మా తమ్ముడికి అలగెందుకు సేసినాం?"

అప్పుడు చెప్పింది. తమ్ముడి పేరు పోలినాయుడు. మందులు దొరికే కాలమే. కాని ఆస్పత్రి మెట్లెక్కితే ఊరు చూస్తుందని పరీక్షకి వెళ్ళలేదు. తెలిసేసరికి ఒళ్ళు కరిగిపోయింది. పశువుల పాకలో పెట్టారు. అన్నం పళ్ళేన్ని కర్రతో ముందుకి తోసేవారు.

"ఆ కర్ర నా సేతిలోనే ఉండీది అన్నా. రెండు నెల్లు. ఆడు పళ్ళెం కేసి సూసీవోడు కాదు, కర్ర కేసి సూసీవోడు." కత్తి బల్ల మీద పెట్టింది. "ముట్టుకుంటే రాదని నువ్వంటావు. రాదంటే, నాను సేసిందేటి మరి? వొస్తాదనుకుంటేనే నాకు నిద్దర పడతాది."

ఆమె వెళ్ళాక అర్థమైంది. ఈ మనిషిని ఒప్పించడానికి డాక్టరు చాలడు.

రోజు 6,937
1,911 లీటర్లు. రుచి: రాయడం మర్చిపోయాను.

రెండో పరీక్ష ఫలితం వచ్చింది. సిస్టరు ముందు నీలవేణికి ఒక్కదానికే అద్దం దగ్గర చెప్పింది. ఉంది. మందు ఒక నెలకి సరిపడా సిస్టరు బీరువాలో ఉంది. భూమి మీద డాక్టరు ఒప్పుకున్నాడు, ఈరోజే నీలవేణి మొదటి మాత్ర వేసుకుంది. మందు మింగడానికి కూడా నీళ్ళు కావాలి. సగం గ్లాసులో ఇంకో సగం.

ఎయిడ్స్ వచ్చేసిందని జనం అంటున్నారు. హెచ్ఐవి వేరు, ఎయిడ్స్ వేరు, మందు పడితే ఎయిడ్స్ రానే రాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనే సాక్ష్యంగా తిరుగుతున్నాను. నోరు లేని సాక్ష్యం.

రేపు పొద్దున హాల్లో అందరూ కూర్చోవాలని జగ్గారావు చాటించాడు. మాట్లాడాలని అనుకుంటున్నాను.  చిన్నప్పుడు బడికి పంపకపోతే పంపు మోటార్ల మీద రాసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'ప్రమాదం'. ఇవాళ పొద్దుట్నుంచి ఆ మాటే కళ్ళకి కట్టినట్టుంది.

రోజు 6,938
1,905 లీటర్లు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జగ్గారావు రూలు చదివాడు. చదివి, "డ్రమ్ము అయిపోయాక చూద్దాం" అన్నాడు. 'చూద్దాం' అనే మాట అంత మెత్తగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎనభై మంది దాని మీద తల ఆనించి పడుకోవడానికి సిద్ధమయ్యారు.

నేను లేచాను. "పలక మీద ఇంకో పేరు రాయాలి" అన్నాను. "నాది."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళు అన్నాను. మందు సంగతి, నూకాలు సంగతి చెప్పాను. "పందొమ్మిదేళ్ళుగా ఈ నీళ్ళలో నేనున్నాను. మొన్న యంత్రం మీ అందరి వేళ్ళూ పొడిచింది కదా. ఎవరికి వచ్చింది?"

గెలిచాననుకున్నాను. వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"నీలవేణికి వచ్చింది కదా! నీ నీళ్ళ వల్లే వచ్చింది!"

చూస్తుండగా హాలంతా ఆ మాట పట్టుకుంది. ఒకడు తాగుతున్న నీళ్ళు ఉమ్మేశాడు. ఒకామె కక్కించాలని బిడ్డ నోట్లో వేలు పెట్టింది. ఇంకెవరో నా భుజం మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తీసి, ప్యాంటుకి తుడుచుకున్నారు. పారిపోవాలనిపించింది. సొరంగంలో పారిపోవడానికి ఎటూ లేదు, రెండు వైపులా గాలిలేని చోటే.

అప్పుడు స్పీకరులోంచి నీలవేణి మాట్లాడింది. హాల్లో మాటలు ఆ స్పీకరులో వినపడతాయని, అక్కడ మీట నొక్కితే హాల్లోకి మాట్లాడొచ్చని అందరం మర్చిపోయాం. అంటే ఇన్నాళ్ళూ అన్నీ ఆమె వింటూనే ఉంది.

"తాతని అనకండి. అది నాతోనే వచ్చింది. ఓడ ఎక్కేముందు పరీక్షలో లేదన్నారు. సిస్టర్, చెప్పండి, నా తరఫున చెప్పండి."

"ఆ పరీక్ష నాటికి సోకి కొద్ది రోజులే అయి ఉంటుంది" అంది సిస్టరు. "ఆ కొద్ది రోజుల్లో లేదనే వస్తుంది. అందుకే మళ్ళీ చెయ్యాలంటాం. నీళ్ళ వల్ల అయితే పందొమ్మిదేళ్ళు తాగిన పైడితల్లికి రావాలి, ఐదు నెలలు తాగిన పిల్లకి కాదు."

అందరూ పైడితల్లి వైపు తిరిగారు. ఆమె నా వైపు చూస్తోంది. మొహంలో రంగు లేదు. గ్లాసులు లెక్కపెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది. రోజుకి ఒకటి చొప్పున, పందొమ్మిదేళ్ళు. లేచి వెళ్ళిపోయింది.

జగ్గారావు రూలు పుస్తకం తిరగేసి, గొంతు సవరించుకున్నాడు. "రూలు ప్రకారం మీరూ లోపలికి వెళ్ళాలి నాయుడు గారూ." ఇద్దరమైతే డ్రమ్ములో మిగిలిన నీళ్ళు నాలుగు రోజులకి కూడా చాలవు.

"వెళ్తాను" అన్నాను.  "రేపు పొద్దున మొదటి గ్లాసు మామూలుగా నేనే తాగుతాను. రెండో గుటక ఎవరైనా తాగితే మీరు తాళం తియ్యాలి. వాల్వు తెరవాలి, తలుపూ తెరవాలి. ఎవరూ తాగకపోతే నేనే నడిచి లోపలికి వెళ్తాను. ప్లాంటు నడపడం ఈ పుస్తకంలో రాసి ఉంది. ఓపికుంటే చదువుకోండి."

ఒప్పుకున్నాడు. పాపం, రూలులో లేనిది ఒప్పుకోవడం అతనికదే మొదటిసారి.

రోజు 6,939
1,906 లీటర్లు. రుచి: తర్వాత రాస్తాను.

ఇది కొళాయి పక్కన కూర్చుని రాస్తున్నాను.

అందరూ వచ్చారు. వరుసగా కాదు, గోడల వెంట. కొళాయికీ జనానికీ మధ్య అంత ఖాళీ నేను ఎప్పుడూ చూడలేదు. చాలామంది చేతుల్లో గ్లాసులున్నాయి, మూతలు పెట్టినవి.

పట్టాను. తాగాను. చెయ్యి చాపాను.

గ్లాసు ఒరిగి అంచు మీంచి కొన్ని నీళ్ళు పోయాయి. ఇక్కడ నీళ్ళు నెమ్మదిగా పడతాయి. పడేలోపు సిగ్గుపడడానికి బోలెడంత తీరిక ఉంటుంది. అవి పడ్డాయి. ఎవరూ కదల్లేదు. చెయ్యి లాగుతోంది. దించితే అయిపోయినట్టే గనక దించలేదు. జగ్గారావు నేల చూస్తున్నాడు. పక్కగది స్పీకరులో ఊపిరి వినపడుతోంది.

వంటింటి తలుపు చప్పుడైంది.

పైడితల్లి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఖాళీ దాటి నా ముందు నిలబడింది. గ్లాసు తీసుకుంది. తీసుకుని, చీర కొంగుతో అంచు చుట్టూ తుడిచింది.

"పందొమ్మిదేళ్ళలో ఎప్పుడూ తుడవలేదు నువ్వు" అన్నాను. 

"ఇయ్యాల తుడిసినాను. భయ్యమేస్తంది, తుడిసినాను. రేపటేల తుడవను. ఒక్క రోజు ఇయ్యన్నా నాకు."

తాగింది. గుటక గొంతు దిగడం హాలంతా చూసింది.

ఆ తర్వాత ఆచారం ప్రకారం గ్లాసు నాకు తిరిగివ్వాలి. ఇవ్వలేదు. కొళాయి కింద పెట్టి నిండా పట్టింది. జగ్గారావు ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది. అతను రూలు పుస్తకం చంకలో పెట్టుకుని, జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు. తాళం తీసి, తను బిగించమన్న గొళ్ళెం కూడా తనే తీసింది. తలుపు తెరుచుకుంది.

నీలవేణి గడప దగ్గరే నిలబడి ఉంది. గ్లాసు కింద పెడుతుందేమోనని వంగబోయింది.

"వొంగకు" అంది పైడితల్లి. "నా సేతిలోంచి తీసుకో."

వేళ్ళ మీద వేళ్ళు పడ్డాయి. గ్లాసు ఇద్దరి చేతుల్లోనూ ఉంది. పైడితల్లి వదలడం లేదు.

జగ్గారావు వాల్వుకి తన తాళం తీస్తే, నాది నేను తీశాను. పక్కగదికి నీళ్ళు వెళ్తున్నాయి, ఇప్పుడు అవసరం లేకపోయినా. జనం వరుస కట్టారు. పదకొండు మంది ఇంకా గోడ దగ్గరే ఉన్నారు, రాసి పెడుతున్నాను. 

రుచి రాయాలి. మళ్ళీ ఒక గుటక వేసి చూద్దామంటే గ్లాసు ఇంకా తిరిగి రాలేదు. గడప దగ్గర వాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు, పోలినాయుడు అన్న పేరు ఒక్కటే వినపడింది. వరుస ఆగి ఉంది. ఎవరూ తొందరపెట్టడం లేదు.